గుండీలు లేని కోటు

నవ్వకు. ఈ కథ నీ గురించే. నిన్న ఎవరో నీకు ఏదో చెప్పారు. అందులో సగం కూడా నీకు అర్థం కాలేదు. అయినా తల ఊపావు. తెలియదంటే చులకనైపోతానని నీ భయం. తల ఊపితే పోయేదేముందిలే అనుకున్నావు. పోయేది ఉంది. నిటారుగా కూర్చుని విను.

కెనడా దేశానికి పడమట, సముద్రం మధ్యలో, హైదా జాతివాళ్ళ దీవులున్నాయి. పూర్వం అక్కడ తాల్‌గా అనే ఊళ్ళో, "నాకు తెలియదు" అనే మాట తప్ప అన్ని మాటలూ వచ్చిన స్కీలాన్ అనే యువకుడు ఉండేవాడు. ఆ ఊరి ఇళ్ళు దేవదారు పలకలతో కట్టినవి. అన్నీ సముద్రం వైపు ముఖం పెట్టి ఒకే వరుసలో ఉండేవి. ఊరి పెద్ద పేరు నాన్‌కిలాస్. ఆయన స్కీలాన్‌కు మేనమామ. మన వైపు మేనమామ పిల్లనిస్తాడు. వాళ్ళ వైపు మేనమామ పేరునిస్తాడు. పెద్ద కన్నుమూస్తే ఆయన పేరు, ఇల్లు, గౌరవం కొడుక్కి కాదు, అక్కచెల్లెళ్ళ కొడుక్కి వెళ్తాయి. నాన్‌కిలాస్ అనే పేరు ఎప్పటికైనా తనదేనని స్కీలాన్‌కు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే వాడు నడిచేటప్పుడు కూడా పెద్దరికంగా నడిచేవాడు.

ఆ జాతివాళ్ళకు ఇంకో ఆచారం ఉండేది. వాళ్ళకు అప్పట్లో రాత లేదు. ఒక మాట ఖాయం కావాలంటే నలుగురినీ పిలిచి, విందు పెట్టి, అందరి ముందూ ఆ మాట చెప్పి, వచ్చినవాళ్ళకు కానుకలిచ్చేవాళ్ళు. కానుక పుచ్చుకున్నవాడు ఆ మాటకు సాక్షి. మనం తాంబూలం పుచ్చుకుంటే మాట ఖాయమైనట్టే అదీను. కానుక ఇంట్లో పెట్టుకుని "నేనెరగను" అన్నవాడు ఆ దీవుల్లో మళ్ళీ తలెత్తుకోలేడు. అందుకే అక్కడి పెద్దవాళ్ళు ముందు చెవి ఇచ్చి, తర్వాతే చెయ్యి చాపేవాళ్ళు.

స్కీలాన్ ఒక చలికాలం ఎదుటి తీరంలో, తెల్లవాళ్ళ కోటలో పనిచేసి వచ్చాడు. అక్కడ బేరాల భాష నేర్చుకున్నాడు. అది ఎవరి సొంత భాషా కాదు. వర్తకం కోసం అందరూ కలిసి అతికించుకున్న భాష. అంతా కలిపి మూడు వందల మాటలుంటాయేమో. అందులో చేపకు మాట ఉంది, తోలుకు ఉంది, కంబళికి ఉంది, రేపటికి ఉంది. స్కీలాన్ ఆ మూడు వందల్లో రెండు వందలు నేర్చుకుని, తెల్లవాళ్ళ భాషంతా నేర్చుకున్నట్టు ఊరికి తిరిగి వచ్చాడు. వస్తూ ఒక మూటలో గట్టిగా, పసుపుపచ్చగా ఉన్న ముక్కలు నాలుగు తెచ్చాడు.

"ఇదేమిట్రా?" అని వాడి అక్క జాద్‌కూన్ అడిగింది.

అది సబ్బు. కోటలో ఎవరో ఇస్తే పుచ్చుకున్నాడు. దేనికో వాడికీ తెలియదు. కాని అక్క అడిగింది. చుట్టూ పదిమంది చూస్తున్నారు.

"కొవ్వు. వాళ్ళు పులుసులో వేసుకుంటారు" అన్నాడు.

జాద్‌కూన్ రెండు ముక్కలు చేపల పులుసులో వేసింది. పులుసు పొంగి, నురగ కట్టి, పొయ్యి ఆరిపోయింది. రుచి చూసిన ముసలాయన ఒకడు సాయంత్రం దాకా బుడగలు ఊదుతూ కూర్చున్నాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. స్కీలాన్ మాత్రం నవ్వలేదు.

"ఇది పాతబడిన కొవ్వు. కొత్తదైతే ఇలా కాదు" అన్నాడు.

"తెలియదని ఒక్క మాట అనరాదూ? నోరు అరుగుతుందా?" అంది జాద్‌కూన్. నాన్‌కిలాస్ మాత్రం మేనల్లుడిని మందలించలేదు. పులుసు పారబోసి ఊరుకున్నాడు. మందలించాల్సింది. చిన్న తప్పును ముద్దు చేస్తే అది ఇంట్లోనే పెరుగుతుంది. ఆయన మంచివాడే. కాని ఆ ఒక్క విషయంలో మెత్తబడ్డాడు.

ఊరికి ఉత్తరాన, కొండ కింద, ఒక చిన్న రేవు ఉండేది. ఒడ్డున తెల్లటి రాతి చార ఒకటి నీళ్ళలోకి దిగేది కాబట్టి దాన్ని తెల్లరాయి రేవు అనేవాళ్ళు. చలికాలం చివర, ఎండబెట్టిన చేపలు అయిపోయి ఊరు ఆకలితో ఉండే రోజుల్లో, సన్నచేపలు గుంపులు గుంపులుగా ఆ రేవులోకి గుడ్లు పెట్టడానికి వచ్చేవి. సముద్రపు నాచు మీద గుడ్లు తెల్లగా పేరుకునేవి. ఆ నెల ఊరు బతికేది వాటి మీదే.

ఒక వేసవిలో ఆ తెల్లరాతిలో బంగారం ఉందని ఒక ఓడవాళ్ళు కనిపెట్టారు. అడగకుండా దిగారు. రాతిని తొలిచి మందుగుండు పెట్టారు. రాయి పగిలి ముక్కలు ఎగిరిపడితే, ఊరివాళ్ళు పరిగెత్తి ఆ ముక్కలు ఏరుకున్నారు. ఓడవాళ్ళు లాక్కోబోయారు. తోపులాట అయింది. నాన్‌కిలాస్ వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"రాయి ఎవరిది?" అన్నాడు.

ఓడవాడు స్కీలాన్‌తో ఏదో అన్నాడు. ఆ మాట చిన్నదే కాబట్టి స్కీలాన్‌కు అర్థమైంది. "వాళ్ళ రాణిదట, మామా."

"ఆవిడ ఎప్పుడొచ్చిందిక్కడికి? నేను చూడలేదే" అన్నాడు నాన్‌కిలాస్.

ఊరివాళ్ళు ఘొల్లుమన్నారు. ఆ తర్వాత ఓడవాళ్ళ గునపాలు, సుత్తులు తీసి ఒక్కొక్కటే సముద్రంలో పారేశారు. ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయలేదు. ఓడ వెళ్ళిపోయింది.

మరుసటి వసంతంలో ఇంకో ఓడ వచ్చింది. ఇది పెద్దది. పక్కన ఆరు ఫిరంగులు వరుసగా మూతులు బయటపెట్టి ఉన్నాయి. దాని కెప్టెన్ పేరు బ్రాక్‌వే. ఆయన తోపులాటకు రాలేదు. నావికులను వరుసలో నిలబెట్టి, డప్పు కొట్టించి, ఒడ్డున ఒక జెండా కర్ర పాతించాడు. పక్కన నలభై కొత్త కంబళ్ళు పేర్పించాడు. ఆ రోజు దక్షిణపు ఊరి పెద్ద గ్వైతాస్ తన మనుషులతో బంగాళాదుంపల బేరానికి వచ్చి ఉన్నాడు. వాళ్ళు కూడా ఒడ్డుకు వచ్చి కూర్చున్నారు. చూడబోతే అచ్చం హైదాల సభలాగే ఉంది. మాట చెప్పేవాడున్నాడు, వినేవాళ్ళున్నారు, కానుకలున్నాయి.

కెప్టెన్ ఒక కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. అది బేరాల భాష కాదు. ఆయన సొంత భాష. చాలాసేపు చదివాడు. స్కీలాన్ పక్కనే నిలబడి గంభీరంగా విన్నాడు. "రాణి" అన్న మాట నాలుగుసార్లు తెలిసింది. "మంచి" అన్నది ఒకసారి తెలిసింది. "నీళ్ళు" అన్నట్టు కూడా అనిపించింది. మిగతాదంతా చెవి పక్క నుంచి గాలిలా పోయింది.

కెప్టెన్ చదవడం ఆపాడు. రెండు వందల మంది స్కీలాన్ వైపు తిరిగారు.

"ఏమంటున్నాడు?" అని నాన్‌కిలాస్ అడిగాడు.

స్కీలాన్ నాలుకతో పెదవి తడుపుకున్నాడు. మామ వినాలని ఆశపడే మాట ఏదో వాడికి తెలుసు. హైదాలలో ఒకడి వల్ల ఇంకొకడికి అవమానం జరిగితే, అవమానించినవాడు అందరి ముందూ కానుకలిచ్చి ఆ సిగ్గు తుడుచుకోవాలి.

"పోయినేడు వచ్చినవాళ్ళు తప్పు చేశారట. అందుకు వాళ్ళ రాణి విచారపడుతోందట. ఆ సిగ్గు తుడుచుకోవడానికి ఈ కంబళ్ళు ఇస్తున్నారట" అన్నాడు.

అందరి ముఖాలూ విప్పారాయి. జాద్‌కూన్ మాత్రం కనుబొమలు ముడిచింది.

"అంత పొడుగు కాగితంలో ఉన్నది ఇంతేనా?"

"వాళ్ళ మాటలు పొడుగు, అక్కా."

"విచారపడేవాడు ఫిరంగులు తెచ్చుకుంటాడా?"

"నీకు వాళ్ళ మర్యాదలు తెలియవులే" అన్నాడు స్కీలాన్.

నాన్‌కిలాస్ లేచి మేనల్లుడి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అల్లుడూ, ఇది సబ్బు పులుసు కాదు. అందులో ఒక్క మాట తెలియకపోయినా చెప్పు. కంబళ్ళు ముట్టుకోం. రేపు కోటకు పడవ పంపి, తెలిసినవాళ్ళని పిలిపించి, మళ్ళీ చదివిద్దాం. కెప్టెన్ ఆగుతాడు. ఆగకపోతే పోతాడు. నువ్వు తెలియదంటే నిన్నెవరూ తక్కువగా చూడరు. తెలిసిందా?"

పాపం, ఆయన తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. స్కీలాన్ ఒక్క అడుగు వేస్తే చాలు. ఎదురుగా గ్వైతాస్ కూర్చుని ఉన్నాడు. గ్వైతాస్ కూతుళ్ళు కూర్చుని ఉన్నారు. రేపు తను నాన్‌కిలాస్ అయితే తన సభకు వచ్చేవాళ్ళు వీళ్ళే.

"అంతా తెలిసింది, మామా" అన్నాడు.

కెప్టెన్ బేరాల భాషలో వాడిని అడిగాడు. "అందరికీ చెప్పావా? మంచిది అంటున్నారా?"

ఆ ప్రశ్న స్కీలాన్‌కు బాగా అర్థమైంది. తల ఊపాడు.

కెప్టెన్‌కు అంతకంటే అక్కర్లేదు. ఆయన కళ్ళకు కావలసింది ఒక తలకాయ కిందికీ పైకీ కదలడం. లోపల ఏముందో ఆయన అడగలేదు. నేను ఆయన్ని మంచివాడని చెప్పడం లేదు. వినేవాళ్ళకు రాని భాషలో వాళ్ళ నేల గురించి చదివినవాడు దొంగే. కాని దొంగ సంగతి అందరికీ తెలుసు. దొంగకు తలుపు తీసినవాడి సంగతి ఈ కథ.

ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కంబళ్ళు పుచ్చుకున్నారు. గ్వైతాస్ మనుషులు కూడా పుచ్చుకున్నారు. కెప్టెన్ స్కీలాన్‌కు ప్రత్యేకంగా ఒక నీలం కోటు ఇచ్చాడు. దానికి పది ఇత్తడి గుండీలు. ఎండలో మెరుస్తుంటే కళ్ళు చెదిరేవి. ఆ వసంతమంతా స్కీలాన్ ఆ కోటు విప్పలేదు. చేపలు పట్టడానికి కూడా అదే వేసుకెళ్ళాడు.

"చేపలు నిన్ను చూసి దండాలు పెడుతున్నాయా?" అని జాద్‌కూన్ దెప్పేది.

మూడు నెలలకు కెప్టెన్ తిరిగి వచ్చాడు. ఈసారి ఓడ నిండా మనుషులు. అరవై మంది తెల్లరాయి రేవులో దిగి, గుడారాలు వేసి, రాతిలో మందుగుండు దట్టించడం మొదలుపెట్టారు. నాన్‌కిలాస్ పడవలతో వెళ్ళాడు. గ్వైతాస్‌కు కబురు పెడితే ఆయనా వచ్చాడు. కెప్టెన్ ఈసారి మారీ అనే ఆవిడను వెంట తెచ్చాడు. ఆవిడ ఎదుటి తీరపు మనిషి. కోటలో గుమాస్తాను పెళ్ళాడింది. అటు తెల్లవాళ్ళ భాషా, ఇటు హైదాల భాషా ఆవిడకు బాగా వచ్చు.

"ఈ రాయి మీద మీకేం పని?" అని నాన్‌కిలాస్ అడిగాడు.

కెప్టెన్ అదే కాగితం తీశాడు. మారీ చదివి, హైదాల భాషలో ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. ఈ రేవు, ఇందులోని రాయి, ఏరు, కొండ దాకా ఉన్న నేల రాణివి. తాల్‌గా ఊరు ఒప్పుకుని ఇచ్చింది. కంబళ్ళు పుచ్చుకున్నవాళ్ళందరూ ఇందుకు సాక్షులు.

వాళ్ళ ఆచారమే వాళ్ళ మెడకు చుట్టుకుంది. కంబళ్ళు ఇళ్ళల్లో ఉన్నాయి. కొందరి భుజాల మీద కూడా ఉన్నాయి.

నాన్‌కిలాస్ మేనల్లుడి వైపు తిరిగాడు. "అల్లుడూ, ఆ రోజు ఈయన చదివింది ఇదేనా?"

గ్వైతాస్ కలగజేసుకున్నాడు. ఆయన పెద్దమనిషి. దారి చూపించాడు. "స్కీలాన్, ఆలోచించి చెప్పు. వినని మాటకు సాక్షి లేడు. మన పెద్దలు పెట్టిన కట్టుబాటే అది. ఆ రోజు నీకు అర్థం కాలేదంటే మేమెవ్వరం సాక్షులం కాము. కంబళ్ళు మడతపెట్టి తిరిగి ఇచ్చేస్తాం. ఆ మాట మీద నేనే నిలబడి ఈయనతో వాదిస్తాను."

రెండో తలుపు. మొదటిదానికంటే వెడల్పైనది. కాని గడప మాత్రం మూడు నెలల్లో ఎత్తు పెరిగింది. అప్పుడు అనవలసింది "తెలియదు" అని. ఇప్పుడు అనవలసింది "తెలియకుండానే తెలుసన్నాను" అని. స్కీలాన్ కోటు గుండీ ఒకటి పట్టుకుని మెలితిప్పాడు.

"ఇది కాదు. ఆ రోజు వేరే చదివాడు. ఇప్పుడు కాగితం మార్చాడు" అన్నాడు.

మారీ ఆ మాట కెప్టెన్‌కు చెప్పింది. కెప్టెన్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. కాగితం మార్చలేదు. ఆయన చేసిన తప్పుల్లో ఆ ఒక్కటి లేదు. లేని తప్పు మోపితే తప్పు చేసినవాడికి కూడా పౌరుషం వస్తుంది. "కానుకలు పుచ్చుకుని నన్ను అబద్ధాలకోరు అంటారా" అని ఆయన అరిచాడు.

నాన్‌కిలాస్ అరవలేదు. ఆయన మేనల్లుడి మాట నమ్మాడు. తన ఇంటి బిడ్డ, రేపు తన పేరు మోసేవాడు, అందరి ముందూ చెప్పిన మాటను నమ్మక ఏం చేస్తాడు? "నా అల్లుడు విన్నాడు. నేను వాడిని నమ్ముతాను. మీ మనుషులను తీసుకుపొండి" అన్నాడు. ఊరి యువకులు పోయినేటిలాగే గునపాలు తీసి సముద్రంలో పారేయసాగారు. ఎవరో ఎవరినో తోశారు. ఒక తుపాకి పేలింది. పడవలన్నీ ఊరికి మళ్ళాయి. వెనకాలే ఓడ వచ్చి ఊరికి ఎదురుగా నిలబడింది. ఫిరంగి మోగింది.

భయపెట్టడానికి నీళ్ళ మీదికే కాల్చమన్నానని కెప్టెన్ తర్వాత చెప్పుకున్నాడట. నీళ్ళ మీద కాల్చిన గుండు నాన్‌కిలాస్ ఇంటి ముందు స్తంభానికి తగిలింది. దేవదారు చీలి, చేతి పొడవు పేడు ఒకటి, ముసలివాళ్ళను లోపలికి పంపుతున్న నాన్‌కిలాస్ పక్కటెముకల్లో దిగింది.

ఆయన నాలుగు రోజులు బతికాడు. జాద్‌కూన్ ఆకులు నూరి కట్టు కట్టింది. నాలుగో రోజు పొద్దున ఆయన అందరినీ బయటికి పొమ్మని, స్కీలాన్‌ను, జాద్‌కూన్‌ను ఉండమన్నాడు.

"అల్లుడూ, ఇప్పుడిక్కడ గ్వైతాస్ లేడు. ఊరివాళ్ళు లేరు. నేనూ ఎంతోసేపు ఉండను. నేను నిలబడింది నిజం మీదేనా? తెలుసుకుని పోతాను."

స్కీలాన్ మామ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మామా, ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఏం చదివాడో నాకు తెలియదు."

నాన్‌కిలాస్ వాడి ముఖంలోకి చూశాడు. కోపంగా చూడలేదు. ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నవాడిలా చూశాడు.

"ఇంతేనా? ఇంత చిన్న మాటా, అల్లుడూ?" అన్నాడు.

మళ్ళీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

తెల్లరాతిలో బంగారం రెండు నెలల్లో అయిపోయింది. అది చిన్న చార. లోపల ఏమీ లేదు. అరవై మందీ గుడారాలు పీకేసి వెళ్ళిపోయారు. పగలగొట్టిన రాళ్ళన్నీ రేవులోకి తోసి వెళ్ళారు. నాచు చచ్చిపోయింది. ఆ చలికాలం చివర ఊరివాళ్ళు బుట్టలు పట్టుకుని రేవులో నిలబడ్డారు. సన్నచేపలు రేవు ముందు దాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ఆ సంవత్సరం ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు ఆకలికి తట్టుకోలేకపోయారు. సబ్బు పులుసు తాగి బుడగలు ఊదిన ఆయన వాళ్ళలో ఒకడు.

కెప్టెన్ బ్రాక్‌వే ఏమయ్యాడో, ఏ శిక్ష అనుభవించాడో, అసలు అనుభవించాడో లేదో నాకు తెలియదు. తెలియదు కాబట్టి తెలియదనే చెబుతున్నాను.

స్కీలాన్ మామ పేరు పుచ్చుకోవాలి. అందుకు సభ పెట్టాలి, మామ జ్ఞాపకంగా స్తంభం నిలబెట్టాలి. వాడు రెండేళ్ళు ఎద్దులా పనిచేశాడు. బంగాళాదుంపలు పండించాడు, పడవలు తొలిచాడు, ఒక్కో కంబళీ కూడబెట్టాడు. ఆ రెండేళ్ళూ జాద్‌కూన్ వాడితో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. మామ చివర ఏమన్నాడో బయట ఎవరికీ చెప్పలేదు కూడా. సభ రోజు పొద్దున మాత్రం ఆవిడ వాడి ముందుకు వచ్చి నిలబడింది.

"ఈ రోజు వాళ్ళ చేతికి కంబళి ఇస్తావు. ఏ మాటకు సాక్షులను చేస్తున్నావో వాళ్ళకు చెప్పి ఇవ్వు. మళ్ళీ మోసం చేయకు" అంది.

మూడు ఊళ్ళవాళ్ళు వచ్చారు. నాన్‌కిలాస్ మీద గౌరవంతో వచ్చారు. స్తంభం నిలబడింది. స్కీలాన్ నీలం కోటు వేసుకుని అందరి ముందుకూ వచ్చాడు. వెనకాల కంబళ్ళు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. "ఈ రోజు నుంచి నేను నాన్‌కిలాస్‌ని" అని చెప్పాలి. ఆ మాట కోసమే పుట్టినప్పటి నుంచి ఎదురుచూశాడు. నోరు తెరిచాడు. స్తంభం చివర చెక్కిన ముఖం తన వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"ఆ రోజు కెప్టెన్ ఏం చదివాడో నాకు అర్థం కాలేదు. అయినా తెలిసిందన్నాను. తర్వాత కాగితం మార్చాడని అబద్ధమాడాను. మా మామ ఆ అబద్ధం మీద నిలబడి చచ్చిపోయాడు" అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని స్కీలాన్‌కు అనిపించింది. కొంతసేపటికి గ్వైతాస్ కర్ర మీద ఆనుకుని లేచాడు.

"నాయనా, ఇన్నాళ్ళకు నీ నోటి నుంచి నిజం వచ్చింది. నీ పేరుకు నేను సాక్షిగా ఉండలేను. రేపు నువ్వు నాన్‌కిలాస్‌గా ఒక మాట చెబితే, అది నీకు తెలిసి చెబుతున్నావో, సిగ్గుపడి చెబుతున్నావో మేమెలా పోల్చుకోవాలి? కాబట్టి కంబళి వద్దు. కాని ఇప్పుడు చెప్పావే, ఈ మాటకు సాక్షిగా ఉంటాను. దీనికి కానుకగా ఆ కోటు గుండీ ఒకటి ఇవ్వు" అన్నాడు.

జాద్‌కూన్ కత్తి తీసుకుని వచ్చింది. మొదటి గుండీ తెంపి గ్వైతాస్ చేతిలో పెట్టింది. ఒక్కో ఇంటి పెద్దా లేచి వచ్చాడు. ఒక్కో గుండీ తెగింది. తొమ్మిది గుండీలు తొమ్మిది మంది తీసుకున్నారు. పదోది జాద్‌కూన్ తనే తీసుకుని, కప్పుకున్న గుడ్డ అంచున ముడి వేసుకుంది. కంబళి ఒక్కటీ కదల్లేదు. పడవలు వెళ్ళిపోయాయి.

నాన్‌కిలాస్ అనే పేరు ఆ తర్వాత ఎవరికీ రాలేదు. అది స్తంభం కింద మామతోనే ఉండిపోయింది. స్కీలాన్ ముసలివాడై చనిపోయేదాకా ఆ కోటే వేసుకున్నాడు. ముందు భాగం మూసుకునేది కాదు. చలిగాలి వీస్తే రెండు చేతులతో దగ్గరికి లాక్కునేవాడు. తన మాటకు సాక్షులు కావాలని వాడు చిన్నప్పటి నుంచి కోరుకున్నాడు. సాక్షులు దొరికారు. ఆ పది గుండీలూ పది ఇళ్ళల్లో తరతరాలు ఉన్నాయి. "ఇదేమిటి" అని పిల్లలు అడిగినప్పుడల్లా ఇంటివాళ్ళు స్కీలాన్ చేసిన తప్పు మొదటి నుంచీ చెప్పేవాళ్ళు.

తెలియనిది తెలియదని అప్పటికప్పుడే చెప్పు. ఆ చిన్న మాట నువ్వు మింగితే, దాని ధర ముందు నిన్ను నమ్మినవాళ్ళు చెల్లిస్తారు, తర్వాత నువ్వు బతికినంత కాలం చెల్లిస్తావు.